అది అలక కాదు

మొన్న కిరాణా కొట్టు నుంచి తెచ్చిన గోనెసంచి మూతి విప్పగానే గుప్పుమన్న నార వాసన నన్ను వంశధార ఒడ్డుకు, శ్రీముఖలింగం దగ్గరి మా ఊరికి లాక్కుపోయింది. అరవైల చివరి ఏళ్ళవి. నాకు తొమ్మిదేళ్ళు. కార్తీకం వచ్చిందంటే ఊరంతా గోగు కంపే. ఊరి పక్కన పారే గెడ్డలో నారకోసం ముంచిన గోగుకట్టలు కుళ్ళి, నీళ్ళు నల్లబడి, మగవాళ్ళు మొలలోతు నీళ్ళలో నిలబడి నార ఒలుస్తుంటే, మేము ఒలిచిన తెల్లని పుల్లలు ఏరుకుని కత్తులు చేసుకునేవాళ్ళం. దీపావళి దివిటీల మసి చేతులకు వదలకముందే నాగులచవితి వచ్చేది, వాకిట్లో నువ్వులు ఎండేవి, రోట్లో చిమ్మిలి దంచుతుంటే బెల్లమూ నువ్వులూ కలిసిన కమ్మదనం గోగు కంపును కూడా మరిపించేది.

ఆ చిమ్మిలి దంచేది మా పెద్దమ్మ, నాన్న అన్నగారి భార్య. మా నానమ్మ మాటకు ఇంట్లో ఎదురుండేది కాదు. పెద్దమ్మ ఒక్కతే ఎదురు చెప్పేది. ఆ ఏడు చవితికి ముందురోజు పొద్దున్న, తల్లికి జ్వరమని కబురొచ్చిందనీ, ఒక్కపూట వెళ్ళి చూసొస్తాననీ అడిగింది.

“పండగ పనొదిలీసి కన్నోరింటికి ఎల్తావేటే?” అంది నానమ్మ.

“మీ అమ్మకైతే ఎల్లరా?” అని పెద్దమ్మ అడిగేసి రోటి దగ్గరికి వెళ్ళిపోయింది.

కాసేపటికి దంపుడు చప్పుడు ఆగింది. చూస్తే రోకలి నేలమీద పడి ఉంది. పెద్దమ్మ కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంటోంది. నానమ్మ ఏదో అడిగింది. పెద్దమ్మ తలెత్తింది. పెదవి ఒక పక్కకు జారిపోయి ఉంది.

“సూడు, మూతెలా తిప్పుతన్నాదో! నోరు పడిపోనాదేటే, పలకవు?”

నోరు నిజంగానే పడిపోయింది. ఆ మాట రోజుకు పదిసార్లు తిట్టుగా వాడే ఇంట్లో, అది కళ్ళముందు జరిగిన రోజున ఒక్క మనిషికీ అర్థం కాలేదు. పెద్దమ్మ గొంతులోంచి ఏవో ముక్కలు ముక్కలుగా శబ్దాలొచ్చాయి. వెక్కిరిస్తోందన్నారు.

మధ్యాహ్నం పెదనాన్న గెడ్డ నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. పెద్దమ్మ గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఎడమచేత్తో అన్నం వడ్డించింది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. ఆయన ఆ చేతిని చూడలేదు, వడ్డించిన చేతినే చూశాడు.

“ఎడం సేత్తో పెడతావా నాకు?” అని కంచాన్ని తోసేసి బయటికి పోయాడు. మెతుకులు వసారా అంతా చెల్లాచెదురయ్యాయి. వాటిని ఎత్తబోయి పెద్దమ్మ అక్కడే ఒరిగిపోయింది.

అమ్మ పరుగెత్తింది. నానమ్మ అడ్డుపడింది. “ఒగ్గీ. బుజ్జగిస్తే నెత్తికెక్కుతాది. ఆకలేస్తే అదే లెగుస్తాది.” అమ్మ ఆగిపోయింది. చిన్నకోడలు కదా, ఆగకేం చేస్తుంది అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. అమ్మమీద కోపం మాత్రం తగ్గలేదు.

పొద్దుగూకేవేళకు పెద్దమ్మ పడ్డచోటే బట్టలు తడుపుకుని ఉండటం చూశాక గాని ఇంట్లో కలవరం పుట్టలేదు. అప్పుడైనా ఆస్పత్రి అన్నారా? గాలి సోకిందన్నారు. మంత్రగాడు వేపమండలతో కొట్టాడు. ఎవరో పావురాన్ని కోసి ఆ రక్తం చేతికి రుద్దారు. పెదనాన్న దవడ పట్టుకుని వేడి కషాయం పోశాడు. మింగలేని గొంతులో పోస్తే అది ఊపిరికి అడ్డుపడింది. ఆమె ఎగిరెగిరి దగ్గుతుంటే, గాలి దిగుతోందని మంత్రగాడు సంతోషించాడు.

మర్నాడు బండిలో రోడ్డుదాకా, అక్కడినుంచి బస్సులో శ్రీకాకుళం తీసుకెళ్ళారు. “పక్షవాతం వచ్చిన మనిషిని ఇంతసేపు ఉంచుకుంటారా? మింగలేనామెకు నోట్లో ఏం పోశారు?” అని డాక్టరు అరిచాడట. మెదడుకు వెళ్ళే రక్తనాళంలో అడ్డును కరిగించే మందు ఆ రోజుల్లో లేదు, నాకు తెలుసు. కానీ కషాయం పోయకుండా ఉండటానికి ఏ మందు కావాలి? మనిషి ముఖంలోకి ఒకసారి సరిగ్గా చూడటానికి ఏ చదువు కావాలి?

ఆ కషాయం తెచ్చిన ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో చాలా రోజులు పోరాడి పెద్దమ్మ బతికింది. మాట రాలేదు. ముడుచుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పోయేదాకా ఆరేళ్ళు ఆ వసారాలోనే కూర్చుంది. వచ్చినవాళ్ళకల్లా నానమ్మ, “ఆ రోజు మొదలు నాతో మాటాడ్డం మానీసినాది, అంత పంతం” అని ఆమె ఎదుటే చెప్పేది. పెద్దమ్మ వినేది. ఆమెకు పోయింది మాటే, వినికిడి కాదు.

ఈ మధ్య మా వాళ్ళ పెళ్ళిలో మేనత్త కొడుకు భోజనాల దగ్గర ఈ కథే ఎత్తుకున్నాడు. “మా పెద్దత్త అలిగితే ఆరేళ్ళు నోరిప్పనేదు!” అందరూ పగలబడి నవ్వారు.

“అది అలక కాదు బావా,” అని లేచి నిలబడ్డాను. “మూతి ఒక పక్కకి జారినా, ఒక సెయ్యి పైకి ఎత్తలేకపోయినా, మాట ముద్దయినా, ఆ మూడిట్లో ఒక్కటి కనిపించినా సాలు, అంబులెన్సు పిలవాల. అప్పటికి తగ్గిపోయినా సరే ఎల్లాల. ఎప్పుడు మొదలైనాదో గుర్తెట్టుకోవాల. నోట్లో సుక్క నీళ్ళు పొయ్యకూడదు. ఇప్పుడు మందున్నాది, కానీ కొద్ది గంటల్లోనే అది పనిసేస్తాది. పొద్దున్నించి సాయంత్రందాకా కోడలు కొవ్వెక్కి పడుకుందనుకుంటే పనిసెయ్యదు.”

బావ విస్తరి వైపు చూస్తూ, “మాకెవరు సెప్పినారు?” అని గొణిగాడు.

ఆ ఇల్లు లేదు, గెడ్డలో గోగు ముంచేవాళ్ళూ లేరు. నానమ్మ తిట్లు ఈ రోజుకీ మా వాళ్ళందరికీ కంఠతా వచ్చు. పెద్దమ్మ గొంతు ఎలా ఉండేదో ఆ పందిట్లో ఒక్కొక్కరినీ అడిగాను. ఎవరికీ గుర్తులేదు. నాకూ లేదు.