పదకొండు అపాయింట్‌మెంట్లు, ఒక్క మనిషి

ఇరవై రెండేళ్ల వయసులో మనిషికి తెలియనిదంటూ ఏదీ ఉండదు. నాకైతే మరీను. శ్రీకాకుళంలో అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు వస్తున్న రోజులవి. నేను కంప్యూటర్ డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, అది లోకం చేసుకున్న దురదృష్టమని నమ్ముతూ ఇంట్లో కూర్చున్నాను.

మా మావయ్య పళ్ల డాక్టరు. అరసవల్లి రోడ్డులో ఓ మేడ మీద చిన్న క్లినిక్. హస్తవాసి మంచిదని పేరుంది గానీ, ఎదురుగా ఏసీ గదులతో కొత్త ఆసుపత్రి వెలిశాక మా మెట్లెక్కేవాళ్లు తగ్గిపోయారు. వేసవి దాటేలోగా జనం పెరగకపోతే క్లినిక్ మూసేసి, విశాఖపట్నంలో ఎవరి దగ్గరైనా పనికి చేరతానని ఆయన అత్తతో అంటుండగా విన్నాను. నేనుండగా అలా ఎలా జరుగుతుందని, పదిహేను రోజులు కష్టపడి వెబ్‌సైటు కట్టాను. ఇంట్లో కూర్చుని టైము బుక్ చేసుకోవడం అందులో గొప్ప. బుక్ అయిన టైములు మాకు కనిపిస్తాయి, పేర్లు కనిపించవు. (రోగుల గోప్యత కోసమని మావయ్యకు చెప్పాను. పేర్లు చూపించడం నాకు చేతకాలేదన్నది అసలు సంగతి.)

వారం దాకా ఒక్కరూ రాలేదు. ఎనిమిదో నాడు పొద్దున్నే చూస్తే ఆ రోజు టైములన్నీ నిండిపోయాయి. పదకొండుకి పదకొండూ! మావయ్య ఇస్త్రీ చేసిన తెల్లకోటు వేసుకున్నాడు. నేను టేబుల్ వెనక రాణిలా కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు చేపల బజారు నుంచి ఒకావిడ వాచిన బుగ్గకు కొంగు అదిమిపట్టుకుని వచ్చింది. ఈ రోజు ఖాళీ లేదు, రేపు రమ్మన్నాను. ఆవిడ కొంగు తీసి వాపు నాకు చూపించింది.

“నొప్పిక్కూడా నంబరుంటాదేటమ్మా?” అని, జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది. ఆమె తర్వాత వచ్చిన ఇద్దరినీ అలాగే పంపేశాను.

పదింటికి పొందూరు నుంచి ఒక రిటైరైన మాస్టారు వచ్చారు. మావయ్య ఆయన పన్ను శుభ్రం చేసి సిమెంటు పెట్టాడు. పదిన్నర అయ్యింది, ఎవరూ రాలేదు. తర్వాత ఎవరని మావయ్య కేక వేస్తే, నేను గుమ్మం దాకా వెళ్లి ఖాళీ మెట్లను చూసి వచ్చాను. అప్పుడు మాస్టారు కుర్చీలోంచి మొహమాటంగా లేచారు.

“అది కూడా నేనేనేమో డాక్టరుగారూ. రాత్రి ఫోన్లో టైము నొక్కితే గుండ్రంగా తిరగతన్నాది తప్ప ఏటీ సెప్పదు. అవ్వలేదేమోనని కింద దాన్ని నొక్కాను. అలాగ ఆఖరు దాకా నొక్కేశాను.”

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మావయ్య తిట్టలేదు, నవ్వనూ లేదు. కోటు సర్దుకుని, “ఆ బుగ్గ వాసినావిడ ఎటెల్లిందమ్మీ?” అని మాత్రం అడిగాడు.

ఎండలో చేపల బజారంతా తిరిగాను. ఆవిడ గంప పక్కన, ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ, రెండో చెయ్యి బుగ్గ మీద పెట్టుకుని కూర్చుంది. తప్పు నాదేనని చెప్పి రమ్మని బతిమాలాను. చివరికి ఆవిడ గంప పక్కావిడకు అప్పగించి నా వెంట నడిచింది. మెట్ల దగ్గర మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. “నా టైముల్లో ఒకటి ఈవిడకిచ్చీయమ్మా, నాకింకా తొమ్మిదున్నాయి,” అన్నారు చాలా గంభీరంగా. పుచ్చిన పన్ను తీయించుకుని వెళ్తూ ఆవిడ నా నెత్తిన చెయ్యేసింది.

వారంలో పేర్లు కనబడేట్టు సరిచేశాను. ఒకరికి ఒకే టైమన్నాను. రోజూ మొదటి గంట బుకింగుకు పెట్టకుండా, నొప్పితో వచ్చేవాళ్లకు వదిలేశాను. బ్యాంకు ఉద్యోగులూ కాలేజీ పిల్లలూ వెబ్‌సైటు చూసి వచ్చారు. చేపల బజారువాళ్లు మాత్రం ఆవిడ మాట విని వచ్చారు. వేసవి దాటింది, క్లినిక్ నిలబడింది.

ఇప్పుడు నా పనే అది, ఆసుపత్రులకు వెబ్‌సైట్లు కట్టడం. మొన్న నా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి, తాను చేసిన దాంట్లో ఒక్క లోపం కూడా లేదని ధీమాగా చెప్పింది. సరిదిద్దుదామని నోరు తెరిచాను గానీ, ఆ ముఖం చూస్తే చాలా ఏళ్ల కిందట బాగా తెలిసినవాళ్లెవరో కనిపించినట్టయి, టీ తెప్పించి కూర్చోబెట్టాను.