తాళంచెవి లేకుండా దిగిన అద్దం

మా వీధి చివర కార్లకు వైరింగు పని చేసే ఆయన్ని అందరూ ‘కంపెనీ ఫిట్టింగు’ అంటారు. ముఖం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. ఎవరైనా కొత్త హారనో రంగుల లైటో బిగించమని వస్తే ముందు ఒక ప్రసంగం వినాలి. కంపెనీవాడు ఆలోచించి లాగిన తీగను మనం కెలకకూడదన్నది దాని సారాంశం. ప్రసంగం అయ్యాక హారను బిగిస్తాడు. పొట్టకూటి కోసం చేసే పాపాలకు ఆయన దగ్గర మినహాయింపు ఉంది.

సొంత కారుకు మాత్రం ఆ మినహాయింపు లేదు. వయసులో అది ఆయన కంటే కొంచెమే చిన్నది. పడవంత పొడుగు, బటన్ నొక్కితే దిగే అద్దాలు. తుక్కు కొట్టులో కొని, ఆ కాలపు సామాన్లే వెతికి తెచ్చి నిలబెట్టాడు. ఏటా జరిగే పాత కార్ల పోటీలో, ఏ మార్పూ చేయని బళ్ల విభాగంలో రెండో బహుమతి దాకా వచ్చి ఆగిపోయాడు. మొదటి బహుమతి షీల్డు కోసం ముందుగది గోడకు మేకు కొట్టి ఉంచాడు. ప్రస్తుతానికి దానికి గొడుగు వేలాడుతోంది.

చిక్కల్లా భార్యతో వచ్చింది. ఆ కారులో తాళంచెవి తిప్పి ఉంచితేనే అద్దాలు కదులుతాయి. ఆయనేమో తాళంచెవి కారులో వదిలి దిగే మనిషి కాదు. బల్బు తెస్తానని దిగినా తాళంచెవి జేబులోకి పోతుంది. కొట్టువాడితో మాటల్లో పడ్డాడంటే ఇక ఒళ్లు తెలియదు. దుమ్ము పడుతుందని అద్దాలు ముందే ఎక్కించి ఉంటాయి. తలుపు తెరిచి కూర్చుందామంటే బస్సులు రాసుకుపోతుంటాయి. ఆవిడ లోపల ఉడికిపోతూ కూర్చోవాలి.

ఒక మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చేసరికి ఆవిడ ఫుట్‌పాత్ మీద నిలబడి ఉంది.

“ఇంక ఈ పెట్టె ఎక్కను.”

“పెట్టె అనకు. దాని వయసుకైనా మర్యాద ఇవ్వు.”

“నా వయసుకు మీరిస్తున్నారా? తాళంచెవి లేకుండా అద్దం దిగేదాకా నేను బస్సులోనే వస్తా.”

“కంపెనీవాడు అలా పెట్టలేదే!”

“అయితే కంపెనీవాణ్ణే పక్కన కూర్చోబెట్టుకోండి.”

అన్నంత పనీ చేసింది. మరదలి ఇంటికి ఆయన కారులో, ఆవిడ బస్సులో వెళ్లారు. బస్సే ముందు చేరింది. దారిలో ఎదురొచ్చే బళ్లను ఆయన తిట్టాడు గానీ, “అవునవును, తప్పంతా వాళ్లదే” అని ఎత్తిపొడిచే గొంతు పక్కన లేకపోవడంతో తిట్లు చప్పబడ్డాయి.

పోటీ దగ్గర పడింది. కొత్త తీగ లాగితే ఆ విభాగంలోంచి తీసేస్తారు. లాగకపోతే పక్క సీట్లో మనిషి ఉండదు. చివరికి ఒక ఆదివారం షెడ్డు తలుపు వేసుకున్నాడు. పని చిన్నదే. అద్దాల స్విచ్చికి బ్యాటరీ నుంచి నేరుగా ఒక తీగ లాగి, మధ్యలో ఫ్యూజు పెట్టడం. దాన్ని దాచడమే పెద్ద పని. గుడ్డ చుట్టిన ఆనాటి తీగనే తుక్కులో వెతికి పట్టుకున్నాడు, మసి రాశాడు, పాత తీగల కట్టలో కలిపేశాడు. భార్యతో “దిగుతుంది, చూసుకో” అని మాత్రం అన్నాడు. ఇది దొంగపని అని చెప్పడానికి నోరు రాలేదు.

పోటీ రోజు న్యాయనిర్ణేత టార్చిలైటు పట్టుకుని బానెట్ కింద, సీట్ల కింద దూరి దూరి చూశాడు.

“ఒక్క తీగ కూడా మారలేదండీ! ఇలాంటి కారు నేనెక్కడా చూడలేదు.”

కంపెనీ ఫిట్టింగు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు. పక్క సీట్లో కూర్చున్న ఆవిడకు మాత్రం, మొగుడి గొప్పతనం ఇంకా పూర్తిగా బయటపడలేదనిపించింది.

“అసలుది మీరు చూడనేలేదు అన్నయ్యగారూ. ఏమండీ, తాళంచెవి ఆయన చేతికివ్వండి.”

“ఇప్పుడెందుకే...”

“ఇవ్వండీ, ఎందుకంత సిగ్గు!”

తాళంచెవి చేతులు మారింది. ఆవిడ బటన్ నొక్కింది. అద్దం సాఫీగా దిగింది. మళ్లీ నొక్కితే ఎక్కింది.

“చూశారా? ఈయన చేసిందే. కంపెనీవాడికి కూడా తట్టలేదు!”

న్యాయనిర్ణేత తాళంచెవినీ అద్దాన్నీ ఆయన్నీ వరసగా చూశాడు.

“సాయంత్రం దాకా టైముంది. ఆ తీగ తీసేసి పాతది కలిపితే మళ్లీ చూస్తాను. రూలు ఒప్పుకుంటుంది. లేకపోతే ఈ విభాగంలో ఉంచలేను.”

ఆవిడ మొగుడి వైపు తిరిగింది.

“ముందే చెప్పి ఏడవచ్చుగా! తీసెయ్యండి. నేను నీడన కూర్చుంటా. బస్సు నాకేం కొత్తా?”

ఆయన జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీసి, డాష్‌బోర్డు కింద తల దూర్చాడు. చాలాసేపటికి గానీ ఆ తల బయటికి రాలేదు.

“కోసేశారా?”

“జాయింటు ఎంత బాగా కుదిరిందో! కోయడానికి చెయ్యి రావట్లేదు.”

“జాయింటు కోసమా?”

“మరింకెందుకు?” అని కసిరి, ప్లేయర్ జేబులో పెట్టేసుకున్నాడు.

ఆవిడ పక్క సీట్లో వెనక్కి వాలి, బటన్ నొక్కి అద్దం దించుకుంది. న్యాయనిర్ణేత తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, పక్క కారు దగ్గరికి నడిచాడు.