రేకు మీద రాసిన పేరు

చామంతులు పూసే కాలం వస్తే నాకు భయం. నవ్వకండి. దాదాపు యాభై ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. ఇంటిదానికి కూడా చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

డెబ్బైల్లో డోర్నకల్ రైల్వే కాలనీలో మాకొక తోట సంఘం ఉండేది. నేను దాని కార్యదర్శిని. చేతిరాత బాగుందని ఇచ్చిన పదవి. మొక్కల గురించి నాకు తెలిసింది సున్నా. అక్కడ ఒక పద్ధతి ఉండేది. విత్తనాలు చల్లితే ఎవరికైనా కొత్త రంగు చామంతి పుట్టిందనుకోండి, వాళ్లు కోరిన పేరు నేను రేకు ముక్క మీద రాసి కుండీకి కట్టాలి. తరువాత దాని పిలకలు ఇంటింటికీ పంచేవారు. పిలకతో పాటే పేరూ పోయేది.

ఒక ఏడు, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య మరియమ్మ కుండీలో ఇటుక రంగు పువ్వు పూసింది. అలాంటిది కాలనీలో ఎవరూ చూడలేదు. పూల పోటీకి ముందురోజు కుండీ ఎత్తుకుని నా దగ్గరకొచ్చింది.

“సారూ, జర మా ఎస్తేరు పేరు రాయున్రి. పోయినేడు పాణం బాగలేక పాయె గద నా బిడ్డ. గీ పువ్వుకన్న దాని పేరుంటది.”

“గట్లనే మరియమ్మా,” అన్నాను.

రాసింది మాత్రం సరోజిని అని. బహుమతులివ్వడానికి వస్తున్న మా పెద్ద అధికారి భార్య పేరది. నాకు బదిలీ కావాలి. మరియమ్మకు చదువు రాదని తెలిసే రాశానా? తెలిసే రాశాను. ఇన్నేళ్లుగా ఇంకో జవాబు కోసం వెతికాను, దొరకలేదు. ఆమె ఆ రేకును కొంగుతో తుడిచి, కళ్లకద్దుకుని వెళ్లింది. నేను చూస్తూ కూర్చున్నాను.

మరునాడు సరోజినిగారు ఆ పేరు అందరికీ వినిపించేలా చదివి మురిసిపోయారు. చప్పట్లు మోగాయి. మరియమ్మ నా వైపు చూసింది. తరువాత తానూ చప్పట్లు కొట్టింది; భర్త ఉద్యోగం ఆ అధికారి చేతిలోనే ఉంది మరి. తిట్టినా బాగుండేది.

బదిలీ వచ్చింది. మేము సామాను సర్దుకుంటుండగా మరియమ్మ పిలకలు పంచుతూ మా గుమ్మం ముందుకొచ్చింది.

“సరోజినమ్మ చామంతి తెచ్చిన సారూ,” అంది. తన నోటితో తానే. నేను చెయ్యి చాచి తీసుకున్నాను.

ఇప్పుడు జనగామలో మా వీధిలోనూ ఆ పువ్వును ఆ పేరుతోనే పిలుస్తారు. కాదండీ అనబోతాను. నీకెలా తెలుసని అడిగితే?

మరియమ్మ పోయి చాలా ఏళ్లయింది. క్షమించమని అడగడానికి మనిషి లేదు, మిమ్మల్ని అడగను. ఆ పువ్వు ఎస్తేరుది. ఈసారి ఆ పేరు ఇక్కడ సరిగ్గానే రాశాను.