మెషిన్ ఆ చివరన

నేను నీళ్ళలో మాత్రమే బాగా నడుస్తాను. చెప్పుకుంటే ఏదో సిద్ధి పొందినదానిలా గొప్పగా ఉంటుంది. అసలు సంగతి ఏమిటంటే, చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడింది. యాభై ఏళ్ళు దానితో సర్దుకుపోయాను. పోలియో పోయిందనే అనుకున్నాను. పోలేదు. యాభై అయిదు దాటాక తీరిగ్గా వచ్చి, బాగున్న కుడికాలిని కూడా పలకరించింది. గుండెలదాకా నీళ్ళున్న చోట దిగితే మాత్రం రెండు కాళ్ళూ పోట్లాడుకోకుండా ఉంటాయి. అందుకని ప్రతి బుధవారం మధ్యాహ్నం, ఇక్కడ అమెరికాలో, అరోరా ఊళ్ళో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న థెరపీ పూల్‌కి నేనే కారు నడుపుకుంటూ వెళ్ళేదాన్ని. బ్రేకూ చేత్తోనే, యాక్సిలరేటరూ చేత్తోనే. వారం మొత్తంలో ఎవరినీ సాయం అడగకుండా నేను చేసుకునే పని అదొక్కటే.

ఆ భవనం కింద ప్రైవేటు కంపెనీ వాళ్ళ పార్కింగ్ ఉంది. అద్దానికి వికలాంగుల ప్లకార్డు తగిలించుకున్న కార్లకి స్థలాలు పూల్ తలుపు పక్కనే పెట్టారు. మాలాంటివాళ్ళ గురించి ఎవరో మంచివాళ్ళు ఆలోచించారు. డబ్బు కట్టే మెషిన్ మాత్రం ఆ చివరన, కార్లు లోపలికి దిగే దారి పక్కన ఉంది. అది పెట్టింది ఇంకెవరో అయ్యుంటారు. ఇదివరకు అక్కడ ఒక పెద్దాయన కూర్చునేవాడు. నన్ను చూసి, తనే కారు దగ్గరికి వచ్చి చీటీ ఇచ్చేవాడు. కంపెనీ మారాక ఆయన్ని తీసేసి కెమెరా పెట్టారు. కెమెరా మన నంబర్ ప్లేటు చూసిన దగ్గర్నుంచి పది నిమిషాల్లో మెషిన్‌లో డబ్బు కట్టాలి. ఫోన్‌లో కట్టే వీలు నెలవారీ పాస్ ఉన్న పై అంతస్తుల ఆఫీసులవాళ్ళకే. లోపలికి వచ్చేటప్పుడే మెషిన్ దగ్గర ఆగుదామంటే, నేను దిగడానికే మూడు నిమిషాలు పడుతుంది, వెనక కార్లవాళ్ళు అంతసేపు ఊరుకోరు. కారు పెట్టుకుని, చేతికర్రలు తీసుకుని, ప్రతి స్తంభం దగ్గరా కాసేపు ఆనుకుంటూ అక్కడికి చేరేసరికి మొదటి బుధవారం నాకు పధ్నాలుగు నిమిషాలు పట్టింది.

అయిదు రోజులకి జరిమానా ఉత్తరం వచ్చింది. అందులో నా కారు ఫోటో ఉంది. నా లైసెన్సు మీది ఫోటో కంటే బాగా వచ్చింది.

మా ఆయన ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తారు. రెండు మీటింగుల మధ్యలో ఉత్తరం చూపించాను.

"కట్టేసి వదిలేయ్. ఎందుకీ హెడేక్?" అన్నారు.

"వచ్చే బుధవారం కూడా పధ్నాలుగు నిమిషాలే పడుతుందండీ."

"అయితే ప్రతి బుధవారం కట్టు. నీళ్ళకి డబ్బులు కట్టట్లేదా, నడకకీ కడదాం."

"మూడోసారికి కారుని అసలు లోపలికి రానివ్వరట. కింద చిన్నక్షరాల్లో ఉంది చూడండి."

ఆయన నుదుటి మీది కళ్ళద్దాలు దించుకుని ఆ చిన్నక్షరాలు చదివారు. తర్వాత నవ్వలేదు. "అప్పీల్ చేద్దాం," అన్నారు.

అప్పీలు అన్న మాటలోనే అప్పు ముందు కూర్చుని ఉంది. అది అప్పుడే చూసుకోవలసింది.

వాళ్ళ వెబ్‌సైట్‌లో కారణం రాయడానికి వెయ్యి అక్షరాలు ఇచ్చారు. నేను బళ్ళో నేర్చుకున్న పద్ధతిలో మొదలుపెట్టాను. గౌరవనీయులైన అయ్యా లేక అమ్మా, తమరు క్షేమమని తలుస్తాను, తమ అమూల్యమైన సమయం తీసుకుంటున్నందుకు మన్నించగలరు. అసలు సంగతి దగ్గరికి వచ్చేసరికి పెట్టె నిండిపోయింది. రెండోసారి వాళ్ళ క్షేమం తీసేశాను. మనసొప్పక చివర థాంక్యూ రెండుసార్లు పెట్టాను.

వాళ్ళ జవాబులో ఒక్క థాంక్యూ కూడా లేదు. మీ ప్లకార్డు మీకు స్థలం ఇస్తుంది, అదనపు సమయం ఇవ్వదు, ఎక్కువ సమయం అవసరమని చూపించే వైద్య రికార్డు ఉంటే పంపండి, అది ఆ తేదీకి ముందుదై ఉండాలి, అన్నారు. నాకు కాలు ఎటూ కలిసిరాలేదు. ఇక కాలం సంగతి తేలాలి.

మా డాక్టర్ గారు గుంటూరు వైపు ఆయన. డెబ్బై దాటినా ప్రాక్టీసు మానలేదు. పదేళ్ళుగా ఆయనకే చూపించుకుంటున్నాను. "ఎలా ఉన్నావమ్మా?" అంటూ గదిలోకి వస్తారు. "బాగానే ఉన్నానండీ. ఆంటీ గారి మోకాలు ఎలా ఉంది?" అంటాను. ఇన్నేళ్ళ నా అపాయింట్‌మెంట్లలో ఎక్కువగా చర్చకి వచ్చిన కాలు ఆవిడదే. ఆయన దగ్గర నా రికార్డులు తీసుకుని, ఆయన ముందే తిరగేశాను. ప్రతి విజిట్‌కీ ఇంచుమించు ఒకటే మాట. బాగున్నారు, ఇబ్బంది లేకుండా నడుస్తున్నారు, ఫిర్యాదులు లేవు.

"ఇదేమిటండీ, ఇబ్బంది లేకుండా నడుస్తున్నానని రాశారు?"

"నువ్వు చెప్పిందే కదమ్మా రాశాను."

"ప్లకార్డు ఫారం మీద మీరే కదండీ సంతకం పెట్టింది?"

"అందులో టిక్ పెట్టడమే. నోట్స్‌లో మాత్రం పేషెంట్ చెప్పింది రాయాలి. ఇదిగో, నొప్పి పదికి ఎంత అని నర్సు అడిగితే, ఒకటి అన్నావు. అన్నిసార్లూ ఒకటే."

"పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చి ఏడుపు మొహం ఏం పెడతానండీ."

"ఇక్కడ నేను పెద్దవాణ్ణి కాదమ్మా, డాక్టర్ని. మా ఆవిడ మోకాలి గురించి నీకు చెప్పినంత నీ కాళ్ళ గురించి నువ్వు నాకు చెప్పలేదు." కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "పాత నోట్స్ ముట్టుకుంటే నా లైసెన్స్ పోతుంది. ఇవాళ్టిది ఇవాళ రాస్తాను. చెప్పు, ఎలా ఉంది?"

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. స్నానాల గదిలో కుర్చీ వేసుకోవడం చెప్పాను. మేడ మీది గదిలోకి ఏడాదిగా వెళ్ళలేదని చెప్పాను. రాత్రి బాత్రూమ్‌కి లేవలేనని, అందుకే సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం తగ్గించానని చెప్పాను. ఆయన టైప్ చేస్తూ ఆగారు.

"ఎప్పట్నుంచి ఇదంతా?"

"నాలుగేళ్ళు అవుతోందండీ."

ఆయన అదీ టైప్ చేసి, ఉత్తరం ప్రింట్ తీసి ఇచ్చారు.

ఆ ఉత్తరానికి తోడుగా వీడియో కూడా పంపుదామని మా ఆయన అన్నారు. పార్కింగ్‌లో నేను నడవాల్సిన దూరాన్ని టేపు పెట్టి మా వీధి కాలిబాట మీద కొలిచారు. ఫోన్ పట్టుకుని నా ముందు వెనక్కి నడుస్తూ, "నార్మల్‌గా రా," అన్నారు. నేను ముందు చున్నీ సర్దుకున్నాను. ఫోటో తీస్తున్నారంటే వీపు దానంతటదే నిటారుగా అవుతుంది. సగం దూరంలో ఎదురింటావిడ కుక్కతో వస్తూ హాయ్ అంది. నేను చేతికర్ర ఎత్తి హాయ్ అని, ఆవిడ దాటిపోయేదాకా ఎక్కడా ఆగలేదు. ఎనిమిది నిమిషాల్లో పూర్తయింది.

"ఇది పంపితే కేసు వాళ్ళు గెలుస్తారు," అన్నారు మా ఆయన.

"అబద్ధం వీడియో తీసి పంపమంటారా?"

"ఇదేనే అబద్ధం వీడియో. నువ్వు ఎప్పుడు నడిచావు ఇలా?"

ఆ రాత్రి మంచం మీద ఆ వీడియో చూశాను. అందులో ఒకావిడ, కాళ్ళు తనవి కానట్టు, మొహంలో నవ్వు తగ్గకుండా వస్తోంది. మర్నాటి నుంచి అయిదు రోజులు గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయాను. మళ్ళీ తీయడానికి గడువు మిగల్లేదు. వీడియో పంపలేదు. డాక్టర్ గారి కొత్త ఉత్తరం, పాత రికార్డులు పంపాం.

తుది నిర్ణయం నాలుగు వాక్యాల్లో వచ్చింది. కొత్త ఉత్తరం ఆ తేదీ తర్వాతిది కనుక లెక్కలోకి రాదు. ఆ తేదీకి ముందు రికార్డులన్నీ ఈమె ఇబ్బంది లేకుండా నడుస్తున్నట్టు చెబుతున్నాయి. చెప్పింది ఈమే. ఇక అప్పీలుకి వీలులేదు. నా నడతలో ఎవరూ ఏ తప్పూ పట్టకూడదని ఇన్నాళ్ళూ జాగ్రత్తపడ్డాను. చివరికి నడకలో కూడా ఏ తప్పూ లేదని రాసి ఇచ్చారు.

ఈలోపు రెండు బుధవారాలు మా ఆయనే దింపి, మెషిన్ దగ్గరికి పరుగెత్తి వచ్చారు. మధ్యాహ్నం మీటింగుల్లో ఎందుకు ఉండటం లేదని రెండోవారం మేనేజర్ అడిగాడట. మూడో బుధవారం ఆయనకి చెప్పకుండా, కుర్తా లోపల స్విమ్‌సూట్ వేసుకుని నేనే బయల్దేరాను. పార్కింగ్‌లోకి దిగే దారిలో కెమెరాకి ఒక కారు పొడవు దూరంలో ఆపాను. అది దాటగానే పది నిమిషాలు మొదలవుతాయి. వెనక ఒక కారు వచ్చింది. ఇంకొకటి వచ్చింది. హారన్లు మొదలయ్యాయి. నేను రివర్స్ గేరు వేశాను. వాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి జరిగి దారి ఇచ్చారు. ఒకాయన అద్దం దించి ఏదో అన్నాడు. సారీ అన్నాను.

ఇంటికి వచ్చి పూల్ ఆఫీసుకి ఫోన్ చేసి, నా బుధవారం గంట వదులుకుంటున్నానని చెప్పాను. కారణం అడిగిన అమ్మాయికి, పార్కింగ్ అన్నాను. ఆ అమ్మాయి పాపం అంది. వెయిటింగ్ లిస్టులో చాలామంది ఉన్నారని, మొదటి పేరుకి అప్పుడే మెసేజ్ పంపానని కూడా అంది. ఫోన్ పెట్టేలోపే ఆ పేరుగలవాళ్ళు వస్తామని జవాబిచ్చారట.

స్నానాల గదిలో కుర్చీ మీద కూర్చుని స్విమ్‌సూట్ తీశాను. పొడిగానే ఉంది. తీయడానికి ఎప్పుడూ పట్టినంతసేపూ పట్టింది.