తెల్లపిల్లను దాచనంది

చిన్నప్పుడు ఇంట్లో పెట్టిన పేరు ఇప్పటికీ వీధంతా నోళ్ళలో నానుతోంది: మొండి. ఆమె పట్టించుకోదు. పొద్దునా సాయంత్రం స్కూలు వ్యాను నడుపుతుంది, మిగిలిన పొద్దంతా కుక్కలతోనే. పొట్టి కాళ్ళు, పొడుగు నడుము ఉన్న చిన్నజాతి కుక్కలు. అవి జారి నడుము విరగ్గొట్టుకోకూడదని వెనకగదిలో నేలంతా రబ్బరు పట్టా పరిచింది. మంచమెక్కి దూకుతున్నాయని మంచం కాళ్ళే కోయించేసింది. భర్త లబోదిబోమన్నాడు కానీ, కోసిన కాళ్ళు అతుక్కోవు కాబట్టి అలాగే పడుకోవడం నేర్చుకున్నాడు.

ఈ పిచ్చి అంటించింది అన్నయ్యే. ఆయన చిన్నకుక్కల సంఘానికి కార్యదర్శి. ఆయన దగ్గర లేత తేనెరంగు మగకుక్క ఉంది. చెల్లెలి దగ్గర బూడిదరంగు మీద నల్లమచ్చలు చెదిరిన ఆడకుక్క. మచ్చలున్న రెండింటిని జత కలపకూడదని ఇద్దరికీ తెలుసు. మగదాని ఒంటిమీద ఒక్క మచ్చా లేదు కదా అని నిశ్చింతగా క్రాసింగ్ చేయించారు.

పుట్టిన పిల్లల్లో రెండు మచ్చలవి, ఒకటి మాత్రం తెల్లగా నురుగులా ఉంది. భర్త దానికి సున్నం అని పేరు పెట్టాడు. పిల్లలు తప్పటడుగులు వేసే రోజుల్లో వంటింట్లో స్టీలు బిందె జారి ధన్‌మని పడింది. మచ్చలవి రెండూ ఎగిరిపడి తల్లి పొట్టకిందికి దూరాయి. సున్నం తాపీగా ఆవలించింది.

ఆమె దాన్ని పొదువుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. చెవులు రెండూ వినపడవని, ఎడమకన్ను ఎదగలేదని డాక్టరమ్మ తేల్చింది. ఆమెను కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది: పిల్ల తల్లి నుంచి ఒక వాటా, తండ్రి నుంచి ఒక వాటా తెచ్చుకుంటుంది. మచ్చల వాటా ఒకవైపు నుంచే వస్తే రంగు అందంగా చెదురుతుంది. రెండువైపుల నుంచీ వస్తే రంగే చెరిగిపోతుంది. లోపలి చెవి పనిచేయాలన్నా కన్ను సరిగ్గా ఎదగాలన్నా ఆ రంగు కణాలు కావాలి. తేనెరంగు తండ్రి సంగతి అడిగితే, మచ్చ తేలేది నల్లరంగు మీదేనని, లేత రంగులో అది ఉండీ కనపడదని అంది. అన్నయ్య కుక్క బుగ్గలోపల దూదిపుల్లతో రుద్ది పరీక్షకు పంపితే అదే నిజమని తేలింది.

ఫలితం వచ్చిన సాయంత్రమే అన్నయ్య వచ్చాడు. తన కుక్కతో క్రాసింగ్ కోసం ఊళ్ళో చాలామంది మాట తీసుకుని ఉన్నారు. వాళ్ళకు తెలిస్తే సంఘంలో తలెత్తుకోలేనన్నాడు. చాలాసేపు అటూ ఇటూ తిప్పి అసలు మాటకొచ్చాడు.

"తెల్లదానికి డాక్టరమ్మ చేత సూది వేయించి పంపించేద్దాం. దానికి మాత్రం ఏం సుఖం చెప్పు? ఇది మన మధ్యే ఉండిపోతుంది."

"అది పాలు తాగుతోంది, ఆడుతోంది, నా చెప్పు కొరుకుతోంది. ఇంకేం సుఖం కావాలి దానికి?" అంది ఆమె. "నీ కుక్క సంగతి వాళ్ళకి నువ్వు చెప్తావా అన్నయ్యా, నన్ను చెప్పమంటావా?"

ఆయన కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు వ్యాను షెడ్డులో పెట్టి ఆమె ఒక్కొక్కరికీ ఫోను చేసింది. కొందరు తిట్టారు. అన్నాచెల్లెళ్ళ గొడవలోకి మమ్మల్ని లాగకమ్మా అని ఒకాయన ఠపీమని పెట్టేశాడు. ఒకావిడ మాత్రం తన ఇంట్లో పోయినేడు పుట్టిన తెల్లపిల్ల గురించి చెప్పింది. ఆ పిల్ల ఏమైందో ఆమె అడగలేదు.

సంఘం ప్రదర్శనకు ఆమె మచ్చల పిల్లలతోపాటు సున్నాన్నీ చంకనేసుకుని వెళ్ళింది. హాలు మధ్యలో బల్ల వెనక ప్రెసిడెంటు, పక్కనే తల దించుకుని అన్నయ్య. ఇది చూపించేది కాదు, బయట కూర్చోబెట్టి రమ్మన్నాడు ప్రెసిడెంటు.

"ముగ్గురూ ఒక్క కాన్పులో పుట్టారండీ," అంది ఆమె. "అందమైన ఇద్దర్నీ చూపించి దీన్ని దాస్తే నేను మీకు సగం అబద్ధం చూపించినట్టు. పరీక్ష లేకుండా క్రాసింగ్ చేయకూడదని రూలు పెట్టండి. పెట్టేదాకా ఇక్కడే నిలబడతాను."

కాళ్ళు లాగేస్తున్నా నిలబడింది. సున్నం ఆమె భుజం మీద నిద్రపోయింది. చివరికి విసుగెత్తి చేతులెత్తమన్నారు. లేచిన చేతులు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని, వాటిలో ఫోనులో మాట్లాడిన ఆవిడది ఒకటి. అన్నయ్య చెయ్యి లేవలేదు. రూలు వీగిపోయింది.

ఆమె ఏడవలేదు, సంఘం మానలేదు. మచ్చల తల్లికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించింది. మచ్చల పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళ ఒళ్ళో ముందు సున్నాన్ని పెట్టి, ఇది వీటి తోడబుట్టిందని చెప్పాకే వాటిని ఇచ్చింది. కొన్నాళ్ళకు వదిన ఫోను చేసి, మీ అన్నయ్య కూడా మగదానికి ఆపరేషన్ చేయించారని, నీకు చెప్పొద్దన్నారని గుసగుసగా చెప్పింది. చెప్పినట్టు తెలియనివ్వనులే వదినా అంది ఆమె.

మరుసటి ఏడు ప్రదర్శనకు మళ్ళీ వెళ్ళింది. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి సున్నాన్ని చూసి చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెవిటిది రాకూడదని ఎక్కడ రాసుందో చూపించు బాబూ, వెళ్ళిపోతాను," అంది.

అలా ఎక్కడా రాసిలేదు. ఆమె లోపలికి నడిచింది.