ఎస్తేరు దీదీ, తడి గింజలు

వానాకాలంలో ఉదయం యంత్రం వేడెక్కగానే మా షెడ్డంతా మాడిన పంచదారలాంటి సన్నటి వాసన కమ్ముకుంటుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు ఎస్తేరు దీదీ గుర్తొస్తారు. పోర్ట్ బ్లెయిర్‌లో, మట్టిలో కలిసిపోయే సంచులు చేయడానికి ఈ షెడ్డు పెట్టింది ఆవిడే. ఈ ఊళ్లోనే డెలానీపూర్‌లో పుట్టి, మెయిన్‌ల్యాండ్‌లో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి, నడివయసులో తిరిగొచ్చారు. మాది సిక్కోలు తీరం నుంచి వచ్చి స్థిరపడిన బెస్తల కుటుంబం. అమ్మ మార్కెట్లో చేపలమ్మేది. నేను చదువు ఆపేసి, దీదీ దగ్గర యంత్రం నడిపే పనిలో చేరాను. మొక్కజొన్న పిండితో చేసిన పాలియెస్టర్ గింజలు బస్తాల్లో ఓడ మీద వచ్చేవి. వాటిని కరిగించి, గాలి ఊది, పల్చటి పొరగా లాగి సంచులు కోసేవాళ్లం.

మొదటి వానాకాలంలోనే దెబ్బ తగిలింది. ఒకరోజు అమ్మ తడిసిన చీరతోనే షెడ్డులోకి వచ్చి, చిరిగిపోయిన మా సంచి దీదీ ముందు పెట్టింది. "ఏటి దీదీ ఇది? చేపలన్నీ బురదలో పడిపోనాయి. కొన్నోళ్లు నా మీద గుస్సా అవుతున్నారు. మా వాళ్లంతా మళ్లీ పాత ప్లాస్టిక్కే కొంటామంటన్నారు." నాకు తల కొట్టేసినట్టయింది. దీదీ గొడుగు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని మార్కెట్‌కి నడిచారు. మిగిలిన సంచులన్నీ వెనక్కి తీసుకుని, చేపలమ్మే ఆడవాళ్లందరి ముందూ, "ఎందుకు చిరుగుతున్నాయో నాకింకా తెలీదమ్మా. తెలుసుకుని వస్తాను" అన్నారు. అంత చదువుకున్న మనిషి నాకు తెలీదని అంత తేలిగ్గా అనడం నేను అంతకుముందు వినలేదు.

"గింజలు సరిగా కరగట్లేదేమో దీదీ, వేడి పెంచుదామా?" అన్నాను. పెంచి చూద్దామన్నారు. పొర పసుపు రంగుకు తిరిగింది, వేలు తగిలితే చిరిగింది. నా ముఖం చూసి ఆవిడ నవ్వారు. "పరవాలేదు. వేడితో బాగుపడదని తేలిందిగా." మరునాడు క్రిస్మస్ కేకులు చేసే తన ఓవెన్‌లో సన్నటి వేడి మీద బాగా ఆరబెట్టిన గింజలు కొన్ని తెచ్చారు. వాటినీ, మూతి విప్పి వానగాలి పీల్చిన బస్తాలోంచి తీసిన గింజల్నీ ఒకే పెనం మీద పక్కపక్కన కరిగించారు. పుల్లతో లాగితే ఆరినవి పొడవాటి తీగలా సాగాయి. బస్తాలోవి గంజిలా కారిపోయాయి.

"ఇందులో పొడవాటి దారాల్లాంటివి ఉంటాయి రత్నం. వేడి మితిమీరితే వాటంతటవే తెగుతాయి. తడి కూడా తోడైతే ఇంకా జల్దీ తెగుతాయి."

"అంటే మట్టిలో జరగాల్సింది మన మెషీన్లోనే అయిపోతోందా?"

"సహీ పకడా! సరిగ్గా పట్టావు" అని నా వీపు తట్టారు.

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. కరెంటు పోయి వచ్చాక తీసిన సంచులే మరీ ఎక్కువగా చిరుగుతున్నాయని చెప్పాను. కరిగిన ముద్ద యంత్రంలోనే వేడికి ఉడుకుతూ ఉండిపోతోందన్నమాట. అప్పటినుంచి గింజల్ని ఆరబెట్టి, గాలి తగలకుండా మూతి కట్టేవాళ్లం. వేడిని పొర సాగేంతవరకే ఉంచేవాళ్లం. కరెంటు పోతే, తిరిగి రాగానే నిలిచిన ముద్దను బయటికి తోసేసేవాళ్లం. కొత్త సంచులతో మళ్లీ మార్కెట్‌కి వెళ్లినప్పుడు అమ్మ ఒకదాంట్లో సూరచేపలు కుక్కి, గాల్లో ఊపి చూసింది. సంచి ఆగింది. "మోసింది దీదీ!" అని కేకేసింది. దీదీ నన్ను ముందుకు తోసి, "సగం కనిపెట్టింది నీ కూతురే" అన్నారు. ఆ రోజు అమ్మ ప్రతి గిరాకీకీ ఆ మాట చెబుతూనే ఉంది.

కొన్నేళ్ల తర్వాత దీదీ ఉత్తరాన మాయాబందర్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ షెడ్డు నాకు అప్పగించారు. ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర నేను ఏడుస్తుంటే, "వచ్చి చూస్తాలే, పని ఆపకు" అని పడవెక్కారు. ఇప్పుడు ఆవిడ లేరు.

ఈ ఏడు సూక్ష్మజీవుల నుంచి తీసిన కొత్తరకం గింజలు తెప్పించాను. సముద్రంలో పడినా కుళ్లి కలిసిపోతాయట. కానీ కరిగే వేడిని కాస్త దాటినా లోపలి దారాలు తెగిపోయే రకం. నిన్నటి పొర పెళుసుగా విరిగింది. ఇవాళ వేడి ఇంకొంచెం తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను. వీటి సంగతి నాకింకా తెలీదు. ఆ మాట అనడానికి నాకిప్పుడు సిగ్గు లేదు.