గీతలాయన గ్రాఫిక్స్ కార్డు

గీతలాయన అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. ఇళ్ళకు ప్లాన్లు గీసి పెట్టడం ఆయన పని. ఇంజనీరు ఆఫీసు నుంచి కొలతలు వస్తాయి. ఈయన ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని గోడలు, గుమ్మాలు, మెట్లు గీసి పంపుతాడు. కాగితం మీద పెన్సిల్‌తో గీసిన రోజుల నుంచీ ఆయన గీతంటే గీతే. మనిషి కూడా అంతే, ముక్కుసూటి. గోడకు ఫోటో తగిలిస్తే స్టూలు దిగి, దూరం వెళ్ళి చూసి, మళ్ళీ ఎక్కి సరిచేసేవాడు. పక్కింటికి వెళ్ళినా వాళ్ళ ఫోటోలను వదిలేవాడు కాదు. కాఫీ ఇచ్చిన పాపానికి వాళ్ళు తలలు పట్టుకునేవాళ్ళు.

ఆ కంప్యూటర్‌కు వయసు మీదపడింది. పొద్దున్నే మీట నొక్కితే, అది ముక్కుతూ మూలుగుతూ లేచేసరికి భార్య గిన్నెలన్నీ తోమేసేది. దాని ఫ్యాను రొదకు వంటింట్లో మాట వినపడేది కాదు. అయినా ఆయన దాన్ని పల్లెత్తు మాట అనలేదు, గీతలు వంగడం మొదలయ్యేదాకా.

మొదట ఒక హాలు గోడ మధ్యలో కాస్త వంగినట్టు కనిపించింది. తన చెయ్యే జారిందనుకున్నాడు. గీత కొస పట్టుకుని లాగి, కంటికి తిన్నగా అనిపించేదాకా సవరించి పంపేశాడు. తీరా స్థలంలో మేస్త్రీ తాడు కట్టి చూస్తే హాలు ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇంజనీరు ఫోన్లో ఎగిరిపడ్డాడు.

"ఏంటి మాస్టారూ ఇది? పునాది తవ్వకముందే చూశాం కాబట్టి సరిపోయింది. ఇంకొక్క ప్లాన్ ఇలా వచ్చిందంటే నేను వేరేవాళ్ళని చూసుకోవాల్సిందే. మీరేం అనుకోకండి."

అనుకోకుండా ఎలా ఉంటాడు? ఆ ఆఫీసు పనే ఆ ఇంటికి ఆధారం. పైగా గీత వంకరపోయిందన్న మాట పడటం ఆయనకు బుద్ధెరిగాక అదే మొదలు. ఆ పూట అన్నం సయించలేదు.

కూర్చుని ఆలోచించాడు. తెర మీద గీత వంకరగా ఉంది. దాన్నే ప్రింటు తీస్తే కాగితం మీదా వంకరే. అంటే తప్పు తెరది కాదు, ప్రింటర్‌దీ కాదు. రెండింటికీ బొమ్మ పంపేది పెట్టె. పెట్టెలో బొమ్మ తయారుచేసేది గ్రాఫిక్స్ కార్డు. దొంగ దొరికాడు! ఇంత పద్ధతిగా ఆలోచించి ఇంత ఘోరంగా దారి తప్పేవాళ్ళు అరుదు. అన్నిటినీ అనుమానించిన పెద్దమనిషి, చూస్తున్న కళ్ళను మాత్రం అనుమానించలేదు. ఇంట్లో ఎవరినైనా పిలిచి చూడమన్నాడా అంటే అదీ లేదు. గీతల సంగతి ఈయన ఇంకొకరిని అడగడమా!

బావమరిది కంప్యూటర్లు బాగుచేసే షాపులో పనిచేస్తాడు. కబురు చేస్తే వచ్చి పెట్టె విప్పి, దుమ్ము ఊది, పెదవి విరిచాడు.

"ముసలి పెట్టె బావా. ముందు హార్డ్ డిస్క్ తీసేసి ఎస్సెస్డీ వేద్దాం. ర్యామ్ కాస్త పెంచుదాం. ఇక పరిగెడుతుంది."

"పరిగెత్తి ఎక్కడికెళ్ళాలిరా? నాకు తిన్నగా నడిస్తే చాలు. కార్డు మార్చు."

"కార్డుకేం రోగం లేదు. అది పాడైతే రంగులు చెదురుతాయి, లేదంటే అసలు బొమ్మే రాదు. గీతలొక్కటే వంగడం నేనెక్కడా చూళ్ళేదు."

"నువ్వు చూడకపోతే లేనట్టేనా?"

రెండూ కొనే స్థోమత లేదు. భార్య తమ్ముడి పక్షం చేరింది.

"వాడు చేసే పనే అది కదండీ. ఒక్కసారి వాడి మాట వినండి."

"అక్కాతమ్ముళ్ళు మీరూ మీరూ ఒకటే!" అని ఆయన భీష్మించుకు కూర్చున్నాడు.

నెలల తరబడి ఆ ఇంట్లో ఇదే రభస. ఆయన పట్టు వదలడు. పోనీ అని బావమరిది వెతికితే, కొత్త కార్డులేవీ పాత పెట్టెలో ఇమడవు. ఈలోగా వంకర పెరిగింది. గీత మధ్యలో తెగిపోయి, అవతల ఎక్కడో మళ్ళీ మొదలయ్యేది. కొలతల్లో అంకెలు మాయమయ్యేవి. తల పక్కకు తిప్పి ఓరగా చూసుకుంటూ పని నెట్టుకొచ్చాడు. ఏమైందని భార్య అడిగితే మెడ పట్టేసిందన్నాడు. ఆవిడ మెడకు వేడినీళ్ళ కాపడం పెట్టింది.

చివరికి కార్డు దొరికింది. బావమరిది దాన్ని బిగించి, ప్లాన్ తెరిచి పక్కకు జరిగాడు. గీతలాయన కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగాడు. గోడ అలాగే మెలికలు తిరిగి ఉంది. మధ్యలో గుమ్మం లేనే లేదు.

"మారలేదురా."

"ఏది బావా?"

"ఆ గీత! అంత వంకరుంటే నీకు కనిపించట్లేదా?"

బావమరిది తెర వంక చూశాడు, అక్క వంక చూశాడు. ఆవిడ బల్ల సొరుగులోంచి స్కేలు తీసి తెరకు ఆనించింది.

"తిన్నగానే ఉందండీ. చూడండి, స్కేలుకి అంటుకునే ఉంది."

ఆయన చూశాడు. స్కేలు కూడా వంకరగానే ఉంది.

కిటికీ చువ్వల వంక చూశాడు. తలుపు అంచు చూశాడు. అన్నీ వంకరే. మౌసు మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మర్నాడు కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ గళ్ళ కాగితం ఒకటి ముందుపెట్టి, ఒక్కో కన్నూ మూయించి అడిగింది. తర్వాత లోపలి ఫోటోలు తీయించి చూసింది.

"కంటి వెనక పొర మధ్యలో దెబ్బతింది. రెండు కళ్ళలోనూ. గీతలు వంగడం మొదలైనప్పుడే వచ్చుంటే చాలావరకు ఆపగలిగేవాళ్ళం. ఇప్పుడు ఇంజెక్షన్లు ఇచ్చినా పోయిన చూపు తిరిగిరాదు. పక్క చూపు మిగులుతుంది. నడవడానికి ఇబ్బంది ఉండదు."

"గీయడానికో అమ్మా?"

డాక్టరమ్మ గళ్ళ కాగితం మడిచి పక్కన పెట్టేసింది. ఆయన మళ్ళీ అడగలేదు. ఏ భాగం మార్చాలా అని వాదించుకున్న ఆ నెలలన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. ఇంజనీరుకు ఏమని చెప్పాలో, ఇల్లు ఎలా గడవాలో ఏమీ తోచలేదు.

బావమరిది మందులకు వెళ్ళాడు. వరండాలో బెంచీ మీద ఆయన్ను కూర్చోబెట్టి, భార్య ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, నేను కనిపిస్తున్నానా?"

జుట్టు కనిపించింది. చెవులు, భుజాలు కనిపించాయి. ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు.

"కనిపించకేం? శుభ్రంగా కనిపిస్తున్నావు."

"ఎలా ఉన్నాను?"

ఆయనకు ఆవిడను భయపెట్టడం ఇష్టం లేకపోయింది.

"నవ్వుతున్నావుగా," అన్నాడు.

ఆవిడ చెంపల మీద కారుతున్న నీళ్ళు చప్పుడు కాకుండా తుడుచుకుంది.

"అవునండీ," అంది. "నవ్వుతున్నాను."